ఇళిజారు

మా చెల్లెలు సరళ పోయిన మూడో వారంలో వాళ్ళమ్మాయి నిత్య ఫోన్ చేసి, "పెద్దమ్మా, అమ్మ కారు కనిపించట్లేదు," అంది. నేను దొడ్డబళ్ళాపురంలో మా వంటింట్లో కూర్చుని రాగిపిండి జల్లిస్తున్నాను. మనిషే పోయాక కారు ఎక్కడుంటే ఏమిటి అనిపించింది. పైకి అనకపోయినా ఆ మాట నిత్యకు వినబడినట్టుంది. "అది కాదు పెద్దమ్మా. హాస్పిటల్‌కి ఆటోలో పోయిందనుకున్నా. నిన్న ఫ్లాట్‌కి పోయి చూస్తే కింద పార్కింగ్ ఖాళీగా ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే, మేడమ్ తనే డ్రైవ్ చేసుకుని పోయిందంటాడు," అంది. జల్లెడ పక్కన పెట్టేశాను.

సరళ తన ఆపరేషన్‌కు తనే వెళ్ళి చేరింది. కడుపులో గడ్డ ఉందని నెలల ముందే తెలుసట. బెంగళూరు యలహంకలో అపార్టుమెంటులో ఒక్కతే ఉండేది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతురు ఊరికి ఆ చివర, జిగణి దగ్గర ఒక కంపెనీలో పని చేస్తూ అక్కడే ఉంటుంది. కూతురికేమో స్నేహితులతో మైసూరు పోతున్నానని చెప్పింది. నాకు ఆ అబద్ధం కూడా చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత పరిస్థితి చేయి దాటుతుంటే ఆసుపత్రి వాళ్ళు నిత్యకు ఫోన్ చేశారు. నిత్య నాకు చేసింది. మేము చేరేసరికి మాట్లాడే స్థితిలో లేదు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఈ రోజుకీ పూర్తిగా పోలేదు, పోతుందన్న నమ్మకమూ లేదు.

"హాస్పిటల్ పార్కింగ్‌లో అడిగితివా?" అన్నాను. అడిగానని, అక్కడ లేదని, పోలీసులకు చెప్పాలేమోనని అంది. "ఇప్పుడే చెప్పొద్దు. ఆ చుట్టుపక్కల ఇళిజారు వీధి ఏదన్నా ఉండాదా? ఉంటే ఆడుంటాది కారు. నువ్వు అక్కడికి రా, నేనూ వస్తాండా," అని ఫోన్ పెట్టేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ, నేనెంత ఖాయంగా ఆ మాట చెప్పానో నాకే తెలిసిరాలేదు.

ఇళిజారు అంటే వాలు, పల్లంలోకి దిగే దారి. కన్నడం మాట. హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మాలాంటివాళ్ళ తెలుగులో ఇలాంటివి ఎన్ని కలిసిపోయాయో లెక్కలేదు. అయితే ఈ ఒక్క మాటకు మా ఇంట్లో మాత్రమే చెల్లే అర్థం ఇంకొకటి ఉండేది. ఆ అర్థం పుట్టింది పాత యలహంకలో, మేము పెరిగిన వీధిలో, ఒక కారు వల్ల.

నాయన అక్కడ ఒక మిల్లులో గుమాస్తా. మిల్లు మేనేజరు ఊరు విడిచి పోతూ తన పాత కారును నాయనకు ఒప్పజెప్పి పోయాడు. నల్లటి కారు. దాని తలుపు మొదటిసారి మూస్తే పడేది కాదు, రెండోసారి కోపంగా వేస్తే పడేది. బ్యాటరీకి ఎప్పుడూ నీరసమే. ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటు ఉండేది గానీ, పళ్ళు అరిగిపోయి మా దగ్గరికి వచ్చేసరికే పనికిరాకుండా పోయింది. అందుకని అది కదలాలంటే ఎవరో ఒకరు వెనకనుంచి నూకాల్సిందే. తొయ్యడాన్ని మా వైపు నూకడం అంటాం. పొద్దున షిఫ్టుకు పోయే మగవాళ్ళు సద్ది క్యారియర్లు మా అరుగు మీద పెట్టి కారు వెనక చేరేవాళ్ళు. "ఏమప్పా గుమాస్తా, నీ కారు ఎక్కినోళ్ళ కంటే నూకినోళ్ళే ఎక్కువ గదా ఈ ఊర్లో," అని ఒకరు అనేవారు. నాయన కిటికీలోంచి తల బయట పెట్టి నవ్వేవాడు. కారు నాలుగు కుదుపులు కుదిపి పొగ వదిలి అందుకునేది. ఆ పొగ వాసన, అమ్మ లోపల వేసే పోపు వాసన కలిసి మా పొద్దుటిపూట వాసన అయింది. అమ్మ గరిటె చేత్తో పట్టుకునే గడప దాకా వచ్చి, కారు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి పోయేది. రోజూ నలుగురి చేతులు పడితే గానీ ఇంట్లోంచి బయటికి పోలేకపోవడం ఒక లోటని అప్పుడు మాలో ఎవరికీ అనిపించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నాయన అన్నానికి ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ కడుపునొప్పట. చెప్పలేదు. వంట పూర్తి చేసి, మాకు పెట్టి, అప్పుడు కూర్చుంది. నాయన ఆమెను ఎత్తుకుని కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, తల ఒడిలో పెట్టుకుంది. తాళం తిప్పితే కారు కిర్రుమనలేదు కూడా. మా ఇంటి ముందు వీధి చదును. మధ్యాహ్నం కావడంతో మగవాళ్ళంతా మిల్లులో ఉన్నారు. నాయన వీధి చివరికి పరుగెత్తాడు, అక్కడ ఎవరూ లేరని వెనక్కి వచ్చాడు, ఈసారి మిల్లు వైపు పరుగెత్తాడు. వీధిలోని ఆడవాళ్ళందరూ గడపల్లో నిలబడి చూస్తున్నారు. నాకు పన్నెండేళ్ళు, సరళ నాకంటే మూడేళ్ళు చిన్నది. మేమిద్దరం అరుగు మీద నిలబడి చూస్తున్నాం. నాయన మగవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేదాకా అమ్మ మూలుగు వినబడుతూనే ఉంది. తర్వాత కారు నూకారు, పోయారు. సాయంత్రానికి అమ్మ లేదు. ముందే తీసుకుపోయి ఉంటే బతికేదో లేదో ఎవరూ చెప్పలేదు. నాయనా ఎవరినీ అడగలేదు.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఎదురింటి గంగమ్మ మా అవ్వ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నాయన వైపు తిరిగి, "మేమంతా వాకిట్లోనే నిలబడి ఉంటిమి గదప్పా. ఒక్క మాట పిలిచింటే మేమే నూకింటిమి గదా," అంది. ఆమె తప్పుపట్టడానికి అనలేదు, బాధకొద్దీ అంది. నాయన కలిపిన ముద్ద విస్తట్లో వదిలేసి లేచిపోయాడు. వీధి నిండా మనుషులుండగా మనుషుల కోసం పరుగెత్తానని ఆయనకు ఆ క్షణం దాకా తట్టలేదు. అరుగు మీద నిలబడ్డ మేమిద్దరం కూడా ఆయన కళ్ళకు ఆ రోజు ఆనలేదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మా చదువు మొదలైంది. నాయన కారు బానెట్ ఎత్తి, "రాండమ్మే ఇద్దరూ," అని పిలిచాడు. పావడాలు ఎగదోపుకుని నిలబడ్డాం. ఆయన మెకానిక్కు కాడు, తనకు తెలిసినంత చెప్పాడు, తెలియనిది విప్పి చూసి మాతోపాటే తెలుసుకున్నాడు. ప్లగ్గులు విప్పి గరుకు ఉప్పుకాగితంతో రుద్దడం, వేడెక్కిన రేడియేటర్ మూతను తడిగోనె వేసి మెల్లగా తిప్పడం, జాకీ ఎక్కడ ఆనించాలో చూసి ఎక్కించడం, స్టెప్నీ మార్చడం, ఇవన్నీ ఒక్కో ఆదివారం. చక్రం నట్లు విప్పడానికి మా చేతుల్లో బలం చాలదని పానాకు తొడగడానికి ఒక ఇనుప పైపు ముక్క కోయించి తెచ్చాడు. సరళ ఆ పైపు చివర ఎక్కి నిలబడి, కారు తలుపు పట్టుకుని, ఒళ్ళంతా బరువు చేసి ఊగేది. నట్టు కిర్రుమని వదిలినప్పుడు కిందపడి నవ్వేది. అమ్మ పోయాక ఆ ఇంట్లో మొదట నవ్వింది అదే, ఆ మట్టిలో పడే. దానికి చెవి ఉండేది. ఇంజను శబ్దం విని ఏ ప్లగ్గు మండటం లేదో చెప్పేది. నాకు అది ఎంత విన్నా ఒకే మోతగా ఉండేది.

అవ్వకు ఇదంతా గిట్టేది కాదు. "ఆడబిడ్డల చేతులకు గోరింటాకు పెట్టేది పోయి గ్రీజు పెడతాండాడు సూడప్పా," అని గోడకు చెప్పుకునేది. మేము కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కుని, పీటల మీద కూర్చుంటే సంగటి ముద్దలో కిరసనాయిలు వాసన వచ్చేది. అవ్వ ముక్కు మూసుకుని మరీ వడ్డించేది. అయినా మా గోళ్ళ కింద నల్లదనం పోయేదాకా రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసి పుల్లతో తీసేది కూడా ఆవిడే. అమ్మ పోయాక నాయన మాటలు సగానికి తగ్గాయి. మిగిలిన సగమూ కారు గురించే.

వీటన్నిటికంటే ముందు నేర్పింది, పట్టుబట్టి నేర్పింది, కారు నిలిపే చోటు. మా వీధి పై కొస నుంచి చెరువు వైపు ఒక సందు దిగేది. నాయన రోజూ సాయంత్రం కారును ఇంటి ముందు కాకుండా ఆ సందు పైన, మూతి పల్లం వైపు తిప్పి నిలిపేవాడు. "ఇళిజారు చూసి పెట్టల్ల. పల్లం ఉంటే ఎవురూ నూకే పన్లే. అదే దొర్లుతాది," అనేవాడు. హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం లేక ముందు చక్రం కింద రాయి పెట్టేవాడు. మొదట్లో ఆ రాయి తీయడానికి మాలో ఒకరం దిగాల్సి వచ్చేది. ఒకరు దిగాలంటే ఇద్దరుండాలి కదా, అదీ ఆయనకు నచ్చలేదు. రాయికి గట్టి తాడు కట్టి, ఆ కొసను తలుపు సందులోంచి లోపలికి తెచ్చాడు. సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టి తాడు లాగితే రాయి పక్కకు వస్తుంది. బ్రేకు వదిలితే కారు దొర్లుతుంది. రెండో గేరులో ఉంచి క్లచ్ టక్కున వదిలితే ఇంజను అందుకుంటుంది. రాయిని చక్రానికి ఆనీ ఆననట్టు పెట్టాలి, బరువంతా దాని మీద పడితే ఎంత లాగినా రాదు. ఇది మాలో సరళకే బాగా పట్టుబడింది. మా కాళ్ళు పెడళ్ళకు అందే వయసు వచ్చాక, ఒకనాడు పొద్దున అది ఒక్కతే తాడు లాగి, కారు దొర్లించి, స్టార్టు చేసి, చెరువు కట్ట దగ్గర ఆపింది. నాయన సందు పైన నిలబడి చూశాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. "ఇంగ మీకెవురూ వద్దు," అన్నాడు. మమ్మల్ని దీవిస్తున్నాననే అనుకుని ఉంటాడు.

షిఫ్టుకు పోయే మగవాళ్ళు కొన్నాళ్ళు అలవాటుగా మా ఇంటి ముందు ఆగేవాళ్ళు. "ఈ పొద్దు నూకేది లేదా?" అని అడిగి, లేదంటే పోయేవాళ్ళు. తర్వాత ఆగడం మానేశారు. అరుగు మీద క్యారియర్లు పెట్టేవాళ్ళు లేరు. గంగమ్మ కూడా నాయన ఎదురుపడితే తల వంచుకుని లోపలికి పోయేది. వీధి మమ్మల్ని వదిలేసిందో, మేమే వీధిని వదిలేశామో, చిన్నదాన్ని కాబట్టి అప్పుడు నాకు తెలియలేదు.

అలా ఇళిజారు అన్నది మా ఇంటి మాట అయింది. పరీక్షలకు పోతుంటే, "ఇళిజారు చూసుకుంటివా?" అనేవాడు నాయన. ఇంకో పెన్ను పెట్టుకున్నావా అని దాని అర్థం. నాకు పెళ్ళయి దొడ్డబళ్ళాపురం వస్తుంటే అప్పగింతల దగ్గర అందరూ ఏడుస్తుండగా, ఆయన పక్కకు పిలిచి, "టీచరు ఉద్యోగం మాత్రం ఇడవద్దు. అదే నీ ఇళిజారు," అన్నాడు. సరళ కూడా ఆ మాటను అలాగే వాడేది. దాని భర్త పోయినప్పుడు నేను వచ్చి నాలుగు నెలలు ఉంటానంటే, "వద్దులే అక్కా, నాకు ఇళిజారు ఉండాది," అంది. నిత్యను ఒక్కతే పెంచింది. ఇంట్లో కుళాయి కారితే తనే బాగుచేసేది, ఫ్యాను ఆగితే తనే విప్పేది. ఏ పని మీదా ఒక్కసారైనా నాకు ఫోన్ చేసి రమ్మన్నది లేదు. నేను గొప్పగా చెప్పుకునేదాన్ని, మా చెల్లెలు మగరాయుడని. నాయన చివరి రోజుల్లో మంచం దిగడానికి చేయి అందిస్తే, ఆ చేయి తప్పించి గోడ పట్టుకునే లేచేవాడు. అది కూడా గొప్పగానే చెప్పుకున్నాం.

గంగమ్మ అన్న మాటను ఇప్పుడు నేను చాలాసార్లు తలుచుకుంటున్నాను. ఆ మాటలోంచి నాయన ఒక పాఠం తీసుకున్నాడు, ఆడపిల్లలకు చేతకానిది ఏమీ లేదని. అది మాకు నేర్పాడు, ఆ రుణం తీరేది కాదు. మా తరంలో మా వీధిలో ఏ ఆడపిల్లకూ దక్కని చదువది. కానీ గంగమ్మ అన్నది ముఖ్యంగా అది కాదు. పిలిచి ఉంటే వచ్చేవాళ్ళం అంది. పిలవడం నాయనకు రాలేదు, కాబట్టి మాకూ నేర్పలేదు. నిత్య తరం పిల్లలను చూసి నేను విసుక్కునేదాన్ని. బానెట్ ఎలా ఎత్తాలో తెలియదు, టైరు పంక్చరైతే ఫోన్‌లో ఏదో నొక్కితే మనిషి వచ్చి మార్చిపోతాడు. అదే నిత్యకు ఒకసారి జ్వరం వస్తే నలుగురు స్నేహితులు వంతులు వేసుకుని గంజి కాచి తెచ్చారు. వాళ్ళను అదే పిలిచింది, సిగ్గుపడకుండా. సరళ ఆ సంగతి నాకు చెప్పి, "ఈ కాలం పిల్లలకు దేనికైనా ఇంకొకరు కావల్లక్కా," అంది. నేనూ ఔనన్నాను.

నిత్య ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. తల్లి పోలిక, అదే నుదురు. ఆసుపత్రికి ముందువైపు రోడ్డంతా చదును. ప్రహరీ పక్కనుంచి వెనక్కి నడిచాం. అక్కడ ఇళ్ళ మధ్యనుంచి ఒక వీధి కిందికి దిగుతోంది. వీధి పైన, చెట్టు కింద, సరళ కారు ఉంది. ఆకులు, పిట్టల రెట్టలు, వానకు గట్టిపడ్డ దుమ్ము. మూతి పల్లం వైపు ఉంది. నిత్య అక్కడే ఆగిపోయి, "నీకెలా తెలుసు పెద్దమ్మా?" అంది. ఫ్లాట్ నుంచి తెచ్చిన రెండో తాళంలోని మీట నొక్కింది, కారు పలకలేదు. "బ్యాటరీ డెడ్," అంది. తర్వాత, "ఇది ఆటోమేటిక్ పెద్దమ్మా. స్లోప్‌లో పెట్టి దొర్లిస్తే స్టార్ట్ కాదు ఇది. పార్క్ గేరులో పెడితే అసలు దొర్లదు కూడా. కొన్నప్పుడే అమ్మకి చెప్పారు. అమ్మకి తెలుసు," అంది.

తెలియక కాదు. ఇంజను శబ్దం విని ఏ ప్లగ్గో చెప్పే మనిషికి అది తెలియదా? నేను చుట్టూ తిరిగి డ్రైవర్ వైపు వచ్చాను. ముందు చక్రం కింద రాయి ఉంది. రాయికి నీలం రంగు ప్లాస్టిక్ తాడు. తాడు కొస తలుపు సందులోంచి లోపలికి పోయింది. ఆపరేషన్ చేయించుకున్న మనిషికి వంగడం కుదరదు కదా. వంగకుండా, ఎవరినీ వంగమనకుండా, సీట్లో కూర్చుని లాగి ఇంటికి పోవాలని పెట్టుకుంది. తిరిగి పోతాననే అనుకుంది. నేను ఆ తలుపు పట్టుకుని ఏడ్చాను. అది పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఎదురింటి మెట్ల మీద పూలు కడుతున్న ఒకామె లేచి వచ్చింది. మా మాట విని తెలుగులోనే పలకరించింది. "ఆ కారు మీదేనా అక్కా? ఇన్నాళ్ళు ఎవురూ రాకపాయె, ఏమోనని చూస్తాంటిమి. ఆయమ్మ పెట్టి పోయిన పొద్దు నేను ఈడే ఉంటి. రాయి పెట్టేదానికి వంగి, మల్ల లేయలేక చక్రం పట్టుకుని కూకునింది. 'ఏమక్కా, పానం బాగల్యా, పట్టుకోనా?' అంటి. 'ఏం వద్దమ్మా, నాకు ఇది అలవాటే,' అని నవ్వె. సంచి తగిలించుకుని ఆ గోడ పట్టుకుని పాయె," అంది. నిత్య ఆ గోడ వైపు చూసింది. ఆసుపత్రి ప్రహరీ గోడ, వీధి మలుపు దాకా ఉంది.

"ఎవరినైనా పిలవనా పెద్దమ్మా?" అంది నిత్య. ఫోన్ చేతిలో పట్టుకుని, తప్పు పని చేస్తున్నదానిలా అడిగింది. "పిలువమ్మా," అన్నాను. ఫోన్ చేస్తే, మెకానిక్ రావడానికి ఇంకా సమయం పడుతుందన్నారు. పూలామె మాకు నీళ్ళు తెచ్చి ఇచ్చి, తన మెట్ల మీద చోటు చూపించింది. నిత్య తాళం చెవితో తలుపు తీసింది. నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. సీటు సరళ కాళ్ళకు సరిపడా ముందుకు జరిపి ఉంది. తాడు కొస చేతికి దొరికేలా, ముడి వేసి ఉంది. లాగాను. రాయి ఏ మాత్రం పట్టు లేకుండా పక్కకు వచ్చేసింది, నాయన చెప్పినట్టే ఆనీ ఆననట్టు పెట్టింది. కారు ఉన్నచోటే ఉంది.